పెద్దదేదో చిన్నదేదో తెలియని పూట

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, ఇప్పుడు నేనుండే కమ్మింగ్ ఊళ్ళో మా తెలుగు సంఘం వాళ్ళం భోజనాలకు కూర్చున్నాం. ఒకమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన చేరింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే ఒక కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చిందట.

"ఆంటీ, నేను నెక్స్ట్ మంత్ కంట్రోల్ రూమ్ ట్రైనింగ్ స్టార్ట్ చేస్తున్నా. మమ్మీ చెప్పింది, మీరు టూ స్పేస్‌షిప్స్ ఒకేసారి హ్యాండిల్ చేశారంట కదా? ఎలా చేశారు ఆంటీ?"

"చేయలేదమ్మా, చేస్తున్నాననుకున్నాను," అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు. అయినా పులిహోర చల్లారిపోతుంటే అంత కథ ఎక్కడ చెప్పను? ఇంటికొచ్చాక ఆ పిల్లకీ, అలాంటి మిగతా పిల్లలకీ వివరంగా రాసిపెడదామనిపించింది. ముందే చెబుతున్నాను, ఆ రోజు జరిగింది నాకు సగమే అర్థమైంది. రాస్తూ ఉంటే మిగతా సగం తేలుతుందేమో అనే ఆశ కూడా ఉంది.

నేను టెక్సస్‌లో ఒక కంట్రోల్ రూమ్‌లో పనిచేసేదాన్ని. నా పని గాలి. పైన నౌకలో ఉన్నవాళ్ళు పీల్చే గాలి బాగుందో లేదో కింద కూర్చుని స్క్రీన్ మీద అంకెల్లో చూస్తుండాలి. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా, చిన్నప్పుడు బాపట్ల బడిలో మా మాస్టారు బొగ్గుపులుసు వాయువు అనేవారు, అది ఆ ఇరుకు గదిలో పేరుకుపోకుండా ఒక డబ్బా పీల్చేసుకుంటుంది. డబ్బా నిండితే కొత్తది పెట్టాలి. ఎప్పుడు పెట్టాలో నేను చెప్పాలి. ఆలస్యం చేస్తే వాళ్ళకి ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత బుర్ర మందగిస్తుంది, ఆ తర్వాత సంగతి రాయను. బుర్ర మందగించినవాడికి తన బుర్ర మందగించిందని తెలియదు. అందుకే కింద ఇంకో బుర్ర కావాలి. ఆ బుర్ర నాది.

మా గది ఒక్క నౌక కోసం కట్టిన గది. మనుషులూ ఒక్క నౌకకి సరిపడానే ఉండేవారు. ఒకటి కిందికి దిగాక ఇంకొకటి పైకి వెళ్ళాలి, పద్ధతి అది. ఆసారి మొదటిది దిగాల్సిన చోట సముద్రం ఎగసిపడుతోంది. రేపన్నారు, ఎల్లుండన్నారు. ఈలోగా రెండోది బయలుదేరే రోజు వచ్చేసింది. అది తప్పితే మళ్ళీ నెలలు ఆగాలి. పెద్దవాళ్ళు మీటింగుల మీద మీటింగులు పెట్టి, "నాలుగు రోజులే కదా, రెండూ పైన ఉంటే ఏమవుతుంది?" అని తేల్చారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన నేను కూడా ఆ మీటింగులో తలూపాను. మొదటిదానిలో ముగ్గురు, రెండోదానిలో నలుగురు. అందరి గాలికీ నా కుర్చీలో కూర్చున్నవాళ్ళే కాపలా.

ఆ నాలుగు రోజులూ మా గదిలో ఎవరికీ ఏ రోజో తెలియలేదు. ఒక్కో నౌకకీ ఎగిరిన క్షణం నుంచి లెక్కించే సొంత గడియారం ఉంటుంది. మా ఊరి గడియారం, ప్రపంచ గడియారం, ఈ రెండూ కలిపి గోడ మీద నాలుగు. ఎవరైనా "మూడో రోజు పది గంటలకి" అంటే ఎవరి మూడో రోజని అడగాలి. అడిగితే వాళ్ళూ ఆలోచనలో పడేవారు. ఒక నౌకలో వాళ్ళు పొద్దున్నే పళ్ళు తోముకునే వేళకి రెండోదానిలో వాళ్ళు పడక సర్దుకునేవారు. ఒకాయన నిద్రపోబోతున్నవాళ్ళకి గుడ్ మార్నింగ్ చెప్పి, వాళ్ళ పొద్దుటి పనుల చిట్టా మొత్తం చదివేశాడు. వాళ్ళు పాపం ఓపిగ్గా విని, "ఇవి మాకేనా?" అని అడిగారు.

మామూలుగా నౌకతో మాట్లాడడానికి ఒక్క మనిషే ఉంటాడు. మిగతావాళ్ళం ఆయనకి చెబితే ఆయన పైకి చెబుతాడు. మనుషులు చాలక ఆ నాలుగు రోజులూ ఎవరి విషయం వాళ్ళే నేరుగా మాట్లాడమన్నారు. నాకు మహా సంబరం వేసింది. అద్దం ముందు గొంతు సవరించుకుని మరీ డ్యూటీకి వెళ్ళాను.

ఆ కుర్చీలో పగలు నేను, రాత్రి ఒక కరీంనగర్ ఆయన. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. నౌకల అసలు పేర్లు పొడుగాటి నంబర్లు, చివరి అంకె ఒక్కటే తేడా. నోరు తిరగక మేమిద్దరం వాటిని పెద్దది, చిన్నది అనుకునేవాళ్ళం. రెండూ ఒకే అచ్చులో పోసినవే, ముందెళ్ళింది పెద్దది, వెనకెళ్ళింది చిన్నది. నా ముందు రెండు స్క్రీన్లు. ఎడమదానిలో పెద్దదాని అంకెలు, కుడిదానిలో చిన్నదాని అంకెలు. హెడ్‌ఫోన్‌లో కూడా ఎడమ చెవిలో పెద్దది, కుడి చెవిలో చిన్నది. స్క్రీన్ మూల నౌక నంబరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, అది చదవాలంటే ముక్కు స్క్రీన్‌కి ఆనించాలి. అందుకని నేను ఇంటి నుంచి రంగు టేపు తెచ్చి ఎడమ స్క్రీన్ చట్రానికి ఆకుపచ్చది, కుడిదానికి ఎర్రది అంటించాను. పక్క కుర్చీలవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆ తర్వాత మూలనున్న ఆ చిన్న అక్షరాల వైపు నేనే చూడడం మానేశాను. నా తెలివే నా కొంప ముంచిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మూడో రోజు (మా ఊరి మూడో రోజు) పొద్దున ఏడింటికి డ్యూటీ మారాం. డ్యూటీ అప్పగించేటప్పుడు ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంగ్లీషులో, రికార్డయ్యేలా మాట్లాడుకోవాలి. మేం అలా చేసేవాళ్ళం కాదు. హెడ్‌ఫోన్లు తీసేసి, కుర్చీలు ఎదురెదురుగా తిప్పుకుని, తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. రోజంతా ఇంగ్లీషులో బతికేవాళ్ళకి ఆ పావుగంటే పండగ. ఆ రోజు అతను ఫాయిల్‌లో చుట్టిన సర్వపిండి ఇచ్చాడు. వాళ్ళమ్మాయికి ఏ కాలేజీలో సీటొచ్చిందో చెప్పాడు. నా బీపీ సంగతి అడిగాడు.

"పెద్దదాని మీద జర నిగా పెట్టుండ్రక్కా. డబ్బాలు నాలుగే మిగిలినయ్. అంకె మస్తు పెరిగేదాంక మార్చనీయకుండ్రి," అన్నాడు.

ఇది నాకు బాగా గుర్తుంది. పెద్దదాన్ని రోజుల తరబడి ఎక్కువ ఉంచేశాం కాబట్టి దానిలో డబ్బాలకి కరువొచ్చింది. ఒక్కో డబ్బానీ చివరిదాకా వాడుకోవాలి. అంటే బొగ్గుపులుసు వాయువు అంకె ఎక్కడిదాకా వచ్చిందో కళ్ళు ఆర్పకుండా చూడాలి. లాగ్ బుక్‌లో అతని రాత కూడా చదివాను. "డిస్‌ప్లేలు సర్దాను" అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. అక్షరాల సైజు పెంచుకున్నాడేమో అనుకున్నాను.

అతను వెళ్ళాక హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. అది నా లాగిన్‌తో నడుస్తుంది, నా ఎడమ నా ఎడమకే, నా కుడి నా కుడికే వచ్చాయి. తొమ్మిదింటిదాకా పెద్దదాని అంకె చూసి మురిసిపోయాను. పాత డబ్బా అయినా ఆకుపచ్చ టేపు కింద అంకె కదలడం లేదు. బంగారుతల్లి, ఎంత పొదుపుగా ఉంది అనుకున్నాను. చిన్నదానిలోనే అంకె పెరుగుతోంది. వాళ్ళకి అది పొద్దుటి వ్యాయామం వేళ, నలుగురూ ఎగిరి గంతులేస్తున్నారు, పెరగదా మరి?

ఎడమ చెవిలో పెద్దదాని కమాండర్ పిలిచింది. ఇంతకుముందు రెండుసార్లు వెళ్ళొచ్చిన మనిషి, అనవసరంగా నోరు విప్పదు.

"గాలి చూస్తున్నదెవరు? ఇక్కడ మా ముగ్గురికీ తల బరువుగా ఉంది."

"నేనేనండీ. మీ గాలి బాగుంది," అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు. "నిజానికి చాలా బాగుంది. కొంచెం నీళ్ళు తాగండి, రోజు చివర కదా, అలసట అయ్యుంటుంది."

అటు ఏదో సంచి జిప్ లాగిన చప్పుడైంది. "సరే అయితే," అంది.

ఎర్ర టేపు కింద అంకె ఇంకా పెరిగింది. చిన్నదానిలో డబ్బాలు బోలెడున్నాయి కాబట్టి ఒకటి మార్చమన్నాను. మార్చారు. కాని ఎర్ర టేపు కింద అంకె తగ్గలేదు. అంతకంటే విచిత్రం, ఆకుపచ్చ టేపు కింద, పెద్దదానిలో, అంతకుముందే తక్కువగా ఉన్న అంకె ఇంకాస్త తగ్గింది. నేను దాన్ని చూశాను. చూసి, మంచిదే కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నదాన్ని, కళ్ళెదుట జవాబు పెట్టుకుని మంచిదే కదా అనుకున్నాను.

ఫ్లైట్ డైరెక్టర్ మితభాషి. ఆయన మాటే మా అందరికీ ఆజ్ఞ. పెద్దదీ చిన్నదీ మా ఇద్దరి పేర్లే కదా, ఆయన తన లెక్కలో అడిగాడు. "రెండో నౌకలో డబ్బా మార్చినా అంకె ఎందుకు తగ్గలేదు?"

"డబ్బాలోకి గాలి తోసే ఫ్యాన్ చెడినట్టుంది సార్," అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయమే."

ఇక చూడండి. ఫ్యాన్ బొమ్మలు బయటికి తీశారు. పక్క గదిలో ఎనిమిది మంది ఫ్యాన్ మీద పడ్డారు. ఒకాయన చిన్నదాన్ని తొందరగా దించేద్దామా అని మాట ఎత్తాడు. ఒక ఆరోగ్యమైన నౌక చుట్టూ అంతమంది డాక్టర్లు చేరారు, నా నోటి మాట మీద.

నా బుర్రలో మాత్రం ఏదో కుదరడం లేదు. కుడి చెవిలో చిన్నదానివాళ్ళు నవ్వుతున్నారు. ఒకడు గాల్లో పిల్లిమొగ్గలు వేస్తుంటే మిగతావాళ్ళు లెక్కపెడుతున్నారు. ఎడమ చెవిలో పెద్దదాని కమాండర్, "ఈసారి సిగ్నల్ ఎంతసేపు ఉంటుంది?" అని అడిగింది. చెప్పారు. పది నిమిషాలకి మళ్ళీ అవే మాటల్లో, అదే తాపీగా, "ఈసారి సిగ్నల్ ఎంతసేపు ఉంటుంది?" అంది. వెనకాల ఎవరో ఆవలిస్తున్నారు.

మంచి గాలి పీల్చేవాళ్ళు ఆవలిస్తున్నారు, చెడ్డ గాలి పీల్చేవాళ్ళు పిల్లిమొగ్గలు వేస్తున్నారు. ఇదేం వింత? చెవులు తారుమారయ్యాయేమో అని హెడ్‌ఫోన్ తీసి తిరగేసి పెట్టుకున్నాను. ఇప్పుడు పెద్దది కుడి చెవిలోకి వచ్చింది. అసలు ఇందాక ఏది ఏ చెవిలో ఉందో మర్చిపోయాను. మళ్ళీ తిరగేశాను. ఎడమ ఎటో తేల్చుకోవడానికి నేను రాసే చేయి ఏదో చూసుకున్నాను. పక్క కుర్చీలో ఆమె నన్ను వింతగా చూస్తోంది. అంత భయం నా జీవితంలో ఎప్పుడూ వేయలేదు. ఏమైందో తెలిసి వేసిన భయమైతే ఏదో ఒకటి చేసేదాన్ని. నాకు తెలిసిందల్లా పైన ఎవరో ముగ్గురో నలుగురో నా వల్ల మునిగిపోతున్నారని, వాళ్ళు ఎవరో నాకు తెలియదని.

బటన్ నొక్కి, గదిలో నలభై మందీ వినే లైన్లో ఫ్లైట్ డైరెక్టర్‌తో అన్నాను. "ఫ్లైట్, నేను చూస్తున్న అంకెలు ఏ నౌకవో నాకు తెలియడం లేదు."

గదిలో అందరూ తలలు తిప్పారు. ఫ్లైట్ డైరెక్టర్ లేచి నిలబడ్డాడు.

"ఎప్పటి నుంచి?"

"అదీ తెలియదు."

ఆయన నన్ను ఇంకేమీ అడగలేదు. తల బరువన్నది పెద్దదానివాళ్ళే కాబట్టి వాళ్ళని తనే పిలిచి, "డబ్బా ఇప్పుడే మార్చండి. కారణం తర్వాత చెబుతాను," అన్నాడు.

కమాండర్ "సరే" అంది. నిమిషం పని అది. మూత తీసి, పాతది లాగి, కొత్తది తోయడమే. ఒక నిమిషం అయింది, రెండు అయ్యాయి. "గొళ్ళెం రావడం లేదు," అంది. పొడిపొడిగా, చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది. గొళ్ళేన్ని ఎటు తిప్పాలో ఫ్లైట్ డైరెక్టర్ ఒక్కో మాటే చెప్పాడు. ఆమె వేరే వైపు తిప్పిందట. మళ్ళీ చెప్పాడు. నేను కళ్ళు మూసుకుని ప్రభువా ప్రభువా అనుకుంటున్నాను. ప్రార్థనలో కూడా ఆ రెండు నౌకల్లో దేన్ని తలచుకోవాలో తెలియక రెంటినీ తలచుకున్నాను. నాలుగు నిమిషాలకి "పెట్టాం" అన్న మాట వినిపించింది.

ఎర్ర టేపు కింద అంకె దిగడం మొదలైంది.

అప్పుడు లేచి ముక్కు స్క్రీన్‌కి ఆనించి చూశాను. మూలన చీమ తలకాయంత నంబరు పొద్దుటి నుంచీ నిజమే చెబుతోంది. ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మారి ఉన్నాయి. టేపు మాత్రం నేను అంటించిన చోటే ఉంది. కుర్చీలో కూలబడ్డాను. ఫ్లైట్ డైరెక్టర్ నా పక్కకి వచ్చి, "ఇంటికి వెళ్తావా, ఉంటావా?" అని అడిగాడు. ఉంటానన్నాను. ఎందుకు ఉన్నానో తెలియదు, వెళ్ళడానికి కాళ్ళు రాలేదనుకుంటాను.

మధ్యాహ్నం తమ్ముడికి ఫోన్ చేసి నిద్ర లేపాను.

"స్క్రీన్లు మార్చావా?"

"మార్చిన. నేను చెప్పిన గదక్కా!"

"ఎప్పుడు చెప్పావు?"

"పొద్దున్నే. సర్వపిండి చేతిలో పెట్టుకుంటనే చెప్పిన. అటుదిటు ఇటుదటు ఏసుకున్న, మళ్ల మీ లెక్క మార్చుకోండ్రి అన్న."

"నువ్వు మీ అమ్మాయి కాలేజీ గురించి చెప్పావు."

"అది గూడ చెప్పిన."

చెప్పాడా? నాకు గుర్తు లేదు. అబద్ధం ఆడే మనిషి కాదు. నేనూ కాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడుకుని ఉంటే రికార్డులో ఉండేది. తెలుగులో మాట్లాడుకున్నాం కాబట్టి ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది, లేదా అసలు లేనే లేదు. విచారణ కమిటీ ముందు కూడా ఇదే చెప్పాను. వాళ్ళ ఫారంలో "చెప్పాడు", "చెప్పలేదు" అని రెండు గళ్ళే ఉన్నాయి. నేను రెండిటి మధ్యలో గీత గీశాను.

అతను స్క్రీన్లు ఎందుకు మార్చుకున్నాడో నాకు మాత్రం తెలుసు. అతనికి ఎడమ చెవి సరిగ్గా వినిపించదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చెబితే కుర్చీ పోతుంది. పెద్దదాని మాట ముఖ్యం కాబట్టి దాన్ని మంచి చెవిలోకి తెచ్చుకుని, చెవి ఎటుంటే స్క్రీన్ అటు పెట్టుకున్నాడు. అతని లెక్కలో తప్పు లేదు. కమిటీ నన్ను ఎంత గుచ్చి గుచ్చి అడిగినా నేను చెవి సంగతి ఎత్తలేదు. బయటికొచ్చాక ఆ మాట అతనికి చెప్పాను.

"నేనే చెప్పిన అక్కా," అన్నాడు. "ఎందుకు మార్చినవ్ అని అడిగితే ఇంకేం చెప్పాలె? పైన మనుషులు సచ్చిపోయేటోళ్ళు."

అతన్ని కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పే పనికి మార్చారు. నన్ను ఆరు వారాలు మళ్ళీ చదివించి, పరీక్ష పెట్టి, అదే కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరికి ఏది న్యాయమో నాకు తెలియలేదు. అతను ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు, అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఇది చదివే పిల్లలు సలహా అడుగుతారని తెలుసు. చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. డ్యూటీ అప్పగించేటప్పుడు తినే వస్తువులు చేతిలో పెట్టుకోవద్దు. తెలియనిది తెలియదని చెప్పడానికి నాకు రెండు గంటలు పట్టింది, మీరు ఇంకాస్త తొందరపడండి.

పెద్దది ఆ మర్నాడు క్షేమంగా దిగింది. చిన్నదీ తన పని ముగించుకుని వచ్చింది. తిరిగొచ్చినవాళ్ళు కొన్ని వారాల తర్వాత కంట్రోల్ రూమ్‌కి వచ్చి అందరికీ థాంక్స్ చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. పెద్దదాని కమాండర్ కూడా వచ్చింది. నేను వెనక వరసలో ఒక స్తంభం చాటున నిలబడ్డాను. ఆమె వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చింది. తిట్టబోతోందనుకున్నాను. తిడితే బాగుండుననే అనుకున్నాను.

"ఆ రోజు మాట్లాడిన గొంతు మీదే కదా?" అంది. "మీకు ఒక సంగతి చెప్పాలి. నా దగ్గర చేతిలో పట్టుకుని గాలి కొలిచే చిన్న మీటర్ ఉంది. తల బరువుగా అనిపించగానే తీసి చూశాను. చాలా ఎక్కువ చూపించింది. మీకు చెబుదామనే పిలిచాను. ఈలోపు మీరు గాలి బాగుంది, చాలా బాగుంది అన్నారు. అంత నమ్మకంగా చెప్పారు కదా, మీటరే చెడిపోయిందనుకుని సంచిలో పడేశాను."

అంటే ఆమె చేతిలో నిజం ఉంటే, నేనే దాన్ని సంచిలో వేయించాను.

"నేను అప్పుడే మీకు చెప్పి ఉండాల్సింది," అంది. "మిమ్మల్ని అంత ఇబ్బంది పెట్టాను. సారీ."

నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, నా కళ్ళలోనూ ఉన్నాయి. సారీ చెప్పాల్సింది నేను. అది చెప్పకుండా, "పర్వాలేదండీ," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.